జనానా ఫైలు

కాషిఫ్ చనిపోయినప్పుడు అతని చెవులకు కొత్త హెడ్‌ఫోన్లు ఉన్నాయి. శాలిబండలో తన ఇంటి మేడ మీది గదిలో, ఎవరిదో వలీమా విందు వీడియో ఎడిట్ చేస్తూ కుర్చీలోనే తల వాల్చేశాడు. తల్లి చాయ్ పట్టుకొచ్చి పిలిచింది, మళ్లీ పిలిచింది, భుజం కుదిపింది. తెర మీద ఎవరో బిర్యానీ డేగ్ మూత తీస్తున్నారు, పొగ లేస్తోంది, చుట్టూ జనం నవ్వుతున్నారు. కొడుకు మాత్రం పలకలేదు. వీధి చివరి క్లినిక్ డాక్టరు వచ్చి నాడి చూసి గుండె ఆగిందన్నాడు. ముప్పై దాటని మనిషికి గుండె ఎందుకు ఆగుతుందని అడిగే ఓపిక ఆ పూట ఎవరికీ లేదు.

శవానికి స్నానం చేయించినవాళ్లలో ఒకడు మాత్రం చెవి వెనక సన్నటి ఎర్రచుక్క చూశాడు. అతను బంధువు కాదు, పొరుగువాడు కాదు. 'డెస్క్' అని పిలుచుకునే గూఢచారి విభాగం మనిషి. అందరితో పాటు దువా చేసి, అందరితో పాటు కళ్లు తుడుచుకుని, పోతూ పోతూ హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుపోయాడు.

శుక్రవారం పొద్దున ఆ హెడ్‌ఫోన్లు నయాపూల్ దగ్గర, 'కైలాసం గుండీలు, దారాలు, హోల్‌సేల్' అనే కొట్టు వెనక గదిలో బల్ల మీద ఉన్నాయి. ఆ కొట్టులో గుండీలు కొన్నవాడు ఇంతవరకు లేడు. ఎవరైనా పొరపాటున వస్తే, మళ్లీ ఆ వైపు రాకుండా ధర చెప్పేవారు. డెస్క్‌కు పెద్ద కైలాసం. పంపిన మనిషి తిరిగి రాలేదని చెప్పేటప్పుడు కూడా సరుకు అయిపోయిందన్నట్టే చెప్పగలడు.

"విషం సూది కుషన్ల ఉండె," అన్నాడు కైలాసం. "చెవికి ఒత్తుకుంటే దిగుతది. దోమ కుట్టినట్టు ఉంటది, అంతే. మంచి పనితనం."

ఎదుట కూర్చున్న తారిక్ హెడ్‌ఫోన్లు తిప్పి చూశాడు. డెస్క్‌లో పదేళ్లుగా వేషాలు మారుస్తున్న ఏజెంట్ అతను. "ఎవరి పని సార్?"

"రింగ్ పని. కాషిఫ్ వాళ్ల మనిషే. లోపల్లోపల ఏదో లొల్లి అయింది, తీసేసిన్రు. నీ అలీనా పంపిన రిపోర్ట్ గిదే."

'నీ అలీనా' అన్నప్పుడు కైలాసం మొహంలో ఏ మార్పూ లేదు. తారిక్ మొహంలో ఉంది.

అలీనా కాషిఫ్ తీసే పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు కెమెరా పట్టి, ఆ భాగం ఎడిటింగ్ కూడా తానే చేసే అమ్మాయి. పాతబస్తీలో పరదా పాటించే ఇళ్లలో పెళ్లి రెండు భాగాలుగా జరుగుతుంది. మగవాళ్ల వైపు మర్దానా, ఆడవాళ్ల వైపు జనానా. జనానాలోకి మగ కెమెరామన్ అడుగు పెట్టడు. అలీనా పెడుతుంది. ఆమె పొడుగూ, ఆమె నడకా, కెమెరా వెనక నుంచి ఆమె నవ్వే నవ్వూ చూసి పెళ్లికూతుళ్లే తమ ముస్తాబు ఒకసారి సరిచూసుకునేవారు. రెండేళ్ల క్రితం తారిక్ ఆమెను డెస్క్‌లోకి తెచ్చాడు. డెస్క్ ఆమెను దేశ రహస్యాలు అమ్ముకునే రింగ్‌లోకి పంపింది. రింగ్ ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఈ పని ముగిశాక పెళ్లి చేసుకుందామని తారిక్ అడిగితే, "ముందు బతికుండు, తర్వాత చూద్దాం" అని నవ్వింది. తారిక్ దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. ఇలాంటి విషయాల్లో గూఢచారులు మామూలు మగవాళ్ల కంటే తెలివైనవాళ్లేమీ కాదు.

"పని విను," అన్నాడు కైలాసం. "కంచన్‌బాగ్‌ల ఒక ల్యాబ్. పేరు నీకు అక్కర్లేదు. కొత్త లోహం పలకను ప్రెస్ కింద వెట్టి పగిలేదాకా నొక్కిన్రు. కెమెరా మొత్తం తీసింది. పక్కన మీటర్. ఏ అంకె కాడ పలక పగిలిందో, అదే రహస్యం. ఆ అంకె ఎరుకైనోడు మన ఫౌజు బండ్లను దేనితోటి కొట్టాల్నో కూసొని లెక్క కట్టుకుంటడు."

"క్లిప్ దొంగిలించినోడు?"

"దొరికిండు. మాట్లాడే హాలత్‌ల లేడు."

క్లిప్ ఎక్కడుందో అలీనాయే చెప్పింది. కాషిఫ్ తన గిరాకీలకు పెన్‌డ్రైవ్‌లు ఇవ్వడం ఎప్పుడో మానేశాడు. ఇంట్లో చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె ఒకటి పెట్టుకున్నాడు. అందులో రెండు హార్డ్ డిస్కులు, వెనక రూటర్‌కు ఒక వైరు. గిరాకీలు తమ ఇంట్లో టీవీలోనో ఫోన్‌లోనో అతని యాప్ తెరిస్తే, ఆ పెట్టెలోంచి వాళ్ల పెళ్లి 4కేలో స్ట్రీమ్ అవుతుంది. ఏదీ దించుకోనక్కర్లేదు, ఏ ఫైలూ చేతులు మారదు. జనానా ఫోల్డర్‌కు వేరే తాళం. దాని పాస్‌వర్డ్ ఆడవాళ్లకే వెళుతుంది. శాలిబండలో ఏ మగవాడూ దాన్ని తెరవడు, తెరవమంటే పోలీసు కూడా నీళ్లు నములుతాడు. ఖుష్బూ అనే అమ్మాయి పెళ్లి జనానా ఫైలుకు చిట్టచివర ఆ పలక క్లిప్‌ను అతికించారు.

"కొనేటోడు విదేశీ. పేరు డాక్టర్ అని మాత్రం ఎరుక. ఫైల్ దించుకోడు, ఎంబడి ఏదన్న పురుగు వస్తదని భయం. ఊరికే చూస్తడు, అంకె ఫోన్‌ల చెప్తడు, పోతడు. వాళ్ల కోడ్‌ల క్లిప్ పేరు దుల్హన్. చూసుడు పేరు జల్వా. ఇయ్యాల సాయంత్రం అసర్ అజాన్ అయినంక జల్వా. ఏదో ఫ్లాట్ ఎనక గదిల డాక్టర్ కూసుంటడు, ముందు గదిల అలీనాను గార్డు పక్కన కూసోవెడతరు. బొమ్మ మంచిగుంటే ఆమె ఇంటికి పోతది."

"మంచిగ లేకుంటే?"

కైలాసం ఒక గుండీని బల్ల మీద గిర్రున తిప్పాడు.

"పెట్టె వైరు పీకేస్తే పోదా సార్?"

"పీకితే అలీనా ధోకా ఇచ్చిందనుకుంటరు. డాక్టర్ అడ్రస్ సుత మనకు దొరకది. బొమ్మ ఆడినంత సేపే ట్రేస్ నడుస్తది. ఫైల్ మారుస్తవా, దానికి సీల్ నంబర్ ఉంది, చుక్క మారినా తెలుస్తది. స్పీడ్ తగ్గిస్తవా, ఊరికే తగ్గితే వానికి షక్ వస్తది. తగ్గెటందుకు వాని కళ్లకు కారణం కనవడాలె. లైన్ నడవాలె, అంకె కనవడొద్దు, వాడు నమ్మాలె. ఎట్ల అంటవా, నీ ఇష్టం. ఏదీ కాకుంటే వైరు పీకు. ఒక్క పిల్ల. డెస్క్ ఓర్చుకుంటది."

డెస్క్ ఓర్చుకుంటుంది. తారిక్ ఓర్చుకోలేడు. అతనికి దేశం ఎంతో ఆ అమ్మాయి అంత, అటూ ఇటూ చూసుకుంటే ఆ అమ్మాయే కాస్త ఎక్కువ. ఆ సంగతి పైకి చెప్పకుండా సంచి తీసుకుని లేచాడు.

జుమ్మా నమాజు వదిలే వేళకు, వెలిసిన చొక్కా, నూనె మరకల సంచి, చెవిలో వినికిడి మిషన్‌తో, అలీనాకు కూడా తెలిసిన తన పాత వేషం 'హార్డ్ డిస్క్ రిపేర్ బబ్లూ'గా తారిక్ శాలిబండలో షేర్ ఆటో దిగాడు. ఆ వినికిడి మిషన్ అసలు పని రేడియో. అది విన్నదంతా నయాపూల్‌లో కైలాసానికి వినిపిస్తుంది.

కాషిఫ్ ఇంటి గుమ్మం ముందు ఆడవాళ్ల చెప్పులు గుట్టగా ఉన్నాయి. చనిపోయిన మూడో రోజు చేసే ప్రార్థన, జియారత్. లోపల తెల్లగుడ్డ పరిచి ఆడవాళ్లు సన్నగా ఖురాన్ చదువుకుంటున్నారు. కాషిఫ్ తల్లి వజీరున్నీసా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. తారిక్ ఆమెను చూసి జాలిపడలేదు. దేశాన్ని అమ్మినవాడి తల్లి, ఏడవనీ అనుకున్నాడు. సంచి చూపించి, కాషిఫ్ భాయ్ చెప్పి ఉంచిన రిపేరని అబద్ధమాడాడు.

చెవిలో మిషన్ చూసి ఆమె అతని దగ్గరగా వచ్చి గట్టిగా అరిచింది. "మీద గది తెరిచే ఉంది బేటా! చాయ్ పంపాల్నా?"

తారిక్ చెవి గింగిరాలు తిరిగింది. నయాపూల్‌లో కైలాసం తిట్టిన తిట్టు కూడా అదే చెవిలో పడింది.

మేడ మీద పెట్టె తన మానాన తాను పచ్చలైటు వేసుకుని ఉంది. తారిక్ దాని ముందు కూర్చుని అరగంటలో దారి పట్టేశాడు. ఆ పెట్టె ఒక ఇంటి కోసం చేసింది, వీధి కోసం కాదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లైను కూడా అంతే. ఒకరు చూస్తే బొమ్మ అద్దంలా వస్తుంది. యాభైమంది ఒక్కసారి తెరిస్తే లైను అందరికీ పంచుకుపోయి ప్రతివాళ్లకూ గడులు గడులుగా, అలుక్కుపోయినట్టు వస్తుంది. పైగా ఎవరెవరు చూస్తున్నారో యాప్‌లో పేర్లు కనిపిస్తాయి. అంటే డాక్టర్ తన తెర మీదే కారణం చూసుకుంటాడు. శుక్రవారం సాయంత్రం పెళ్లివారి ఆడవాళ్లంతా పెళ్లి చూసుకుంటున్నారు, అంతే కదా. ఏ గూఢచారి పెద్దా తప్పు పట్టలేని సాకు.

ఖుష్బూ వీడియోను శుక్రవారం ఇస్తానని కాషిఫ్ వాళ్లకు మాట ఇచ్చి ఉన్నాడు. తారిక్ 'విడుదల' బటన్ నొక్కాడు. పెళ్లికి వెళ్లిన ఆడవాళ్లందరి ఫోన్లకూ కబురు వెళ్లింది. అందరూ చదివినట్టు గుర్తు కూడా పడింది.

ఒక్కరూ తెరవలేదు.

ఎండ వాలింది. తారిక్ కళ్లు కాయలు కాసేలా తెర చూశాడు. చూస్తున్నవారు, ఎవరూ లేరు. కింద నుంచి చదువుతున్న గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. అప్పుడు వెలిగింది. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చే పెళ్లిని, జియారత్ రోజున, ఈ బస్తీలో ఏ ఆడది తెరుస్తుంది? ఎవరి కొడుకు పోయాడో ఆ తల్లి అనుమతి లేకుండా పెళ్లి పాట పెట్టే ఇల్లు శాలిబండలో లేదు. తానూ ఇక్కడికి రెండు వీధుల అవతల పుట్టినవాడే. మరిచిపోయినందుకు సిగ్గుపడాలి. సిగ్గుపడే తీరిక లేదు. దడదడా మెట్లు దిగాడు.

"ఖాలా, ఖుష్బూ వాళ్ల వీడియో తయారుంది. ఎవరూ తెరుస్తలేరు. మీరు ఒక్క మాట చెప్తే చూస్తరు."

వజీరున్నీసా అతన్ని తేరిపార చూసింది. "నా పిలగాని మీద మట్టి ఇంక ఆరలే. ఇయ్యాల పెళ్లి చూడుమని నా నోటితోటి చెప్పాల్నా?"

తారిక్ ఏ మాత్రం తొట్రుపడలేదు. ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో అతనికి తెలుసు, అది అతని ఉద్యోగం. "కాషిఫ్ భాయ్ జుమ్మా రోజు ఇస్తనని జబాన్ ఇచ్చిండు. జబాన్ తీర్చకుంటనే పోయిండు. ఆ బరువు ఎవరు మోయాలె ఖాలా? అక్కడ ఆయనే మోస్తుండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అతని మిషన్ దగ్గరికి కొంచెం జరిగి, గొంతు తగ్గించి, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పింది. "గా ఫైల్ మంచిది కాదు బేటా. గదాని కోసమే అల్లా వాన్ని తీసుకపోయిండు."

"ఏంది ఖాలా?"

"వాడు జనానా తెరిచిండు." ఆ మాట చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు. "కావాల్నని కాదు. బుధవారం పొద్దుగాల, ఫైల్ కడదాక సాఫ్‌గ నడుస్తున్నదా అని చూసెటందుకు పోయి తప్పు ఫోల్డర్ నొక్కిండు. చివర్ల తెరుచుకున్నదట. ఆడోళ్లు లేరట, ఏదో ఇనుప పలక పగులుతున్నదట. అయినా జనానా జనానే కద. నా పిలగాడు చిన్నప్పటి సంది అసొంటోడు కాదు. మొహమంత ఎర్రగ చేసుకొని కిందికొచ్చి, నా ముంగటనే అలీనాకు ఫోన్ చేసిండు. 'బహెన్, తప్పైంది, మీ జనానా తెరిచిన, మాఫ్ చెయ్యి. కడకు ఏదో పలక ఉంది, నీ వేరే పనిది అతుక్కున్నట్టుంది, కోసెయ్యాల్నా' అని అడిగిండు."

"ఆమె ఏమన్నది?"

"బంగారం అసొంటి పిల్ల బేటా. ఏమనలే. మజ్జాన తానే ఇంటికొచ్చింది. 'పర్వాలే భాయ్, మాఫ్ చేసిన' అన్నది. నా చెయ్యి ముద్దువెట్టుకున్నది. వానికి కొత్త హెడ్‌ఫోన్లు సుత తోఫా ఇచ్చి పోయింది. ఆమె మాఫ్ చేసింది గని, పైనోడు చెయ్యలే."

తారిక్ అక్కడే నిలబడ్డాడు. నయాపూల్‌లో కైలాసం ప్రతి మాటా విన్నాడు.

తప్పు చేశానని ఫోన్ చేసి చెప్పుకున్నాడు కాషిఫ్. పాతబస్తీలో మర్యాద తెలిసిన ఏ కుర్రవాడైనా చేసే పనే చేశాడు. చూశానన్న సంగతి దాచుకుని ఉంటే ఈపాటికి మేడ మీద కూర్చుని బిర్యానీ డేగ్‌లు ఎడిట్ చేసుకుంటూ ఉండేవాడు. ఆ మర్యాదే అతన్ని చంపింది. క్లిప్‌ను జనానాలో దాచింది అలీనా. అమ్ముతున్నది అలీనా. చచ్చినవాడి మీద రింగ్ మనిషి అని ముద్ర వేసి డెస్క్‌కు రాసింది అలీనా. దొంగ దొరికాక డెస్క్ ఎలాగూ ఇక్కడికే వస్తుందని క్లిప్ చోటు ముందే చెప్పి, తన ప్రాణం అడ్డం ఉంటే తారిక్ వైరు పీకడని లెక్క వేసుకుంది. రెండేళ్లుగా తారిక్ కలలోకి వస్తున్నదీ ఆమే. తనను మోసం చేసినందుకు కాదు, అది అతని వృత్తిలో ఉన్నదే. ఈ ముసలితల్లి చెయ్యి ముద్దుపెట్టుకుని పోయినందుకు అతనికి అసహ్యం పుట్టింది. కాసేపటి క్రితం అదే తల్లిని చూసి, ఏడవనీ అనుకున్నవాడి మీద కూడా అంతే పుట్టింది.

మసీదు నుంచి అసర్ అజాన్ మొదలైంది.

"టైమైతున్నది," అంది చెవిలో కైలాసం గొంతు.

తారిక్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఖాలా, నేను చెప్తున్న వినున్రి. మీ పిలగాడు ఏ పాపం చెయ్యలే. ఆ ఫైల్‌ల పాపం ఆయనది కాదు. మీరు చెప్పున్రి, అందరు చూడనీ."

ఎందుకు నమ్మిందో గానీ నమ్మింది. కళ్లు తుడుచుకుంది, ఫోన్ తీసింది, ఆడవాళ్ల గ్రూపులో వాయిస్ మెసేజ్ బటన్ నొక్కి పట్టుకుంది.

"అందరు వినున్రి. నేను కాషిఫ్ అమ్మీని. ఖుష్బూ పెళ్లి నా కొడుకు ఆఖరి పని. నా ఇంట్ల చావైందని మీరు తెరుస్తలేరు, నాకు ఎరుకే. నా కసమ్, తెరువున్రి. ఇప్పుడే చూడున్రి. వాని జబాన్ నిలవెట్టున్రి."

తారిక్ మళ్లీ మెట్లెక్కేసరికి తెర మీద ఒక పేరు వెలిగి ఉంది. షమీమ్ ఆపా. ఆ పేరుతో ఉన్నది ఆపా కాదు, డాక్టర్. బొమ్మ 4కేలో నడుస్తోంది. పెళ్లిని దాటేసి సరాసరి చివరికి పోయాడు. తారిక్ పక్క తెరలో అదే చోటు తెరిచాడు. బూడిదరంగు పలక, పైన ప్రెస్, పక్కన మీటరు. మీటరు ముల్లు మీద గీత కూడా లెక్కపెట్టొచ్చు, అంత శుభ్రంగా ఉంది.

"ట్రేస్ మొదలైంది," అన్నాడు కైలాసం. "బొమ్మ ఎట్లుంది?"

"మస్తు సాఫ్‌గ ఉంది సార్."

"వైరు మీద చెయ్యి వెట్టు."

తారిక్ పెట్టాడు. ముల్లు ఎక్కుతోంది. పలక కొద్దిగా వంగింది. చూస్తున్నవారు, ఒక్కరే.

అప్పుడు మరో పేరు పడింది. సాబెరా. ఆ వెనకే ఇంకొకటి. తర్వాత మూడు కలిసి వచ్చాయి. వజీరున్నీసా మాట ఫోన్ నుంచి ఫోన్‌కు, గోడ అవతలి నుంచి గోడ అవతలికి పాకుతోంది. పేర్లు వానలా పడసాగాయి. శాలిబండ, మొఘల్‌పురా, మలక్‌పేట, ఎక్కడో జెద్దాలో ఉన్న మేనత్తలు కూడా. పెట్టెలోని ఫ్యాన్ గయ్యిమని లేచింది. షమీమ్ ఆపా పేరు పక్కన 4కే పోయి 1080 వచ్చింది. పలక అంచున సన్నటి పగులు కనిపించింది. 720. ముల్లు ఇంకా కనిపిస్తూనే ఉంది. తారిక్ వేళ్లు వైరును బిగించాయి. 480. పలక రెండు ముక్కలయ్యే క్షణంలో బొమ్మ ఒక్కసారి నిలిచిపోయి, మీటరు ఉండాల్సిన చోట బూడిదరంగు గడులు మిగిలాయి.

డాక్టర్ వెనక్కి తిప్పాడు. మళ్లీ గడులే. మళ్లీ తిప్పాడు. ఈసారి బొమ్మ కూడా లేదు, గుండ్రంగా తిరిగే చుక్కలే ఉన్నాయి. తారిక్ వైరు వదిలేశాడు. అరచేతిలో దాని అచ్చు పడింది.

బల్ల మీద కాషిఫ్ స్టూడియో ఫోన్ మోగింది.

"హలో, బబ్లూ భాయ్? నేను అలీనా." గొంతు తేనెలాగే ఉంది, ఊపిరి మాత్రం పొట్టిగా ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు, పక్కన ఎవరో నిలబడ్డ చప్పుడు తెలుస్తోంది. "లైన్ మీద లేడీస్ మస్తుమంది ఉన్నరు. వాళ్లను జర తీసెయ్. రెండు నిమిషాలు చాలు. నా చేతి మెహందీ ఇంక ఆరలే భాయ్."

చివరి మాట వాళ్లిద్దరికే తెలుసు. ప్రాణం మీదికి వచ్చింది, ఏది అడిగితే అది చెయ్యి అని దాని అర్థం. రెండేళ్లలో ఆమె ఆ మాట ఎప్పుడూ వాడలేదు. తారిక్ ముందు తెర మీద 'అందరినీ తొలగించు' అన్న బటన్ ఉంది. పొద్దున ఈ మాట వినుంటే దేశాన్ని పక్కన పెట్టి నొక్కి ఉండేవాడు.

"ఒక్క మాట అడుగుత," అన్నాడు. "కాషిఫ్ మాఫీ అడిగినప్పుడు నువ్వేమన్నవ్?"



"పర్వాలే భాయ్ అన్న," అంది మెల్లగా.

"నేను సుత గదే అంటున్న. పర్వాలే. ఆడోళ్లు పెళ్లి చూస్తున్నరు, నడుమల లేపుడు మంచిగుండది."

"తారిక్..."

ఆ పేరు స్పీకర్‌లో పలకకూడని పేరు. ఆమెకు అది తెలుసు. భయంలో జారిపోయింది.

అదే సమయంలో చెవిలో కైలాసం గొంతు తొందరగా వచ్చింది. "అడ్రస్ దొరికింది, మలక్‌పేట ఫ్లాట్. టీం మెట్ల మీద ఉంది. రెండు తలుపులు. ముందు గదిల మన పిల్ల, గార్డు. ఎనక గదిల డాక్టర్. ఒక్క తలుపే ముందు పగలగొట్టగలరు. రెండోది నిమిషం ఆలస్యమైతది. ఏది?"

అడగాల్సిన అవసరం కైలాసానికి లేదు. అయినా అడిగాడు.

"ఎనక," అన్నాడు తారిక్.

ఫోన్‌లో ఎవరో విదేశీ భాషలో ఒక్క ముక్క అన్నారు. అలీనా ఏదో చెప్పబోయింది. కుర్చీ పడిన చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఆమె గొంతు మాటలా కాకుండా, నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చింది. తారిక్ ఫోన్ పెట్టేయలేదు. చివరిదాకా విన్నాడు. తలుపు పగిలిన చప్పుడు కూడా విన్నాడు. అది ఒక నిమిషం ఆలస్యంగా వచ్చింది.

"డాక్టర్ దొరికిండు," అన్నాడు కైలాసం కాసేపటికి. "అంకె వానికి దొరకలే. గార్డును కాల్చిన్రు. పిల్ల పోయింది."

తారిక్ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఆ హెడ్‌ఫోన్లు ఆమెనే కొన్నదని దుకాణమోడు నాకు నిన్ననే చెప్పిండు. పొద్దుగాల నీకు చెప్తే చేతులెత్తేస్తవనుకున్న. ఆమె కోసమైతే పానం వెట్టి చేస్తవని చెప్పలే. నిన్ను తక్కువ అంచనా ఏసిన తారిక్."

డెస్క్‌లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. అది చెప్పుదెబ్బలా తగిలింది. అతను చెవిలోంచి మిషన్ తీసి బల్ల మీద పడేశాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె హంతకురాలని తెలిశాక కూడా ఆమె మీద ఇష్టం ఒక్కసారిగా పోలేదు, అదే అన్నిటికంటే దుర్మార్గంగా అనిపించింది.

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. కొడుకు పోయాక వజీరున్నీసా ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. ఖాళీ కుర్చీ వంక చూడకుండా గుమ్మంలోనే ఆగింది.

"బబ్లూ! బొమ్మ సాఫ్‌గ వస్తలేదంట!" మిషన్ తీసేశాడు కదా అని ఇంకా గట్టిగా అరిచింది. "కాషిఫ్ ఉన్నప్పుడు గిట్ల ఉండకపోయేది అంటున్నరు. వాని పేరు ఖరాబైతది. జర సూడు బేటా."

తారిక్ మొహం తుడుచుకుని లేచాడు. ఫైలు చివర పలక ముక్కను కోసి డెస్క్ డ్రైవ్‌లోకి ఎక్కించి, పెట్టెలోంచి తుడిచేశాడు. ఆ తర్వాత సంచి అడుగు నుంచి డెస్క్ వాళ్ల శాటిలైట్ మోడెం తీశాడు. యుద్ధం వస్తే వాడమని ఇచ్చిన లైను అది. దాన్ని పెట్టెకు తగిలించాడు. బల్ల మీది మిషన్‌లో కైలాసం గొంతు సన్నగా, కోపంగా వినిపించింది. "ఆ లైన్ దేనికోసమో ఎరుకనా నీకు?"

"ఎరుకే సార్," అని తారిక్ మిషన్‌ను సొరుగులో వేసి మూసేశాడు.

తెరను గోడవైపు తిప్పి, తాను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. జనానా జనానే. ఒక్కొక్క పేరు పక్కనా 4కే వెలిగింది. జెద్దా మేనత్తల దాకా ఖుష్బూ పెళ్లి అద్దంలా వెళ్లింది. గుమ్మంలో ఉన్న వజీరున్నీసా ఫోన్‌కు ఒకదాని వెనక ఒకటి వాయిస్ మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయి. అవి వింటుంటే ఆమె మొహంలో మూడు రోజుల తర్వాత ఏదో కొంచెం సర్దుకుంది. గుమ్మం దగ్గరే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అందరు మెచ్చుకుంటున్నరు బేటా. మొహాల మీద వెలుగు గట్ల తీసుడు ఇంతవరకు చూడలేదంట. కెమెరా పట్టిన పిల్ల చెయ్యి మస్తుంది అంటున్నరు." ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకొకటి విని, తల పైకెత్తింది. "మొఘల్‌పురాల ఎవరిదో నిఖా ఉందట. అలీనా ఖాళీగ ఉంటదా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

తారిక్ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు బుకింగ్‌లు తీసుకుంటలేదని చెప్పున్రి ఖాలా."